గాలి మింగిన బండి

పొద్దున వాజిదా లేచిందంటే ఇంట్లో గాలి లేచేది. అందుకే వదిన జులేఖా ఆమె కంటే ముందే లేచి, స్టవ్వు వెలిగించి చాయ్ కాచి, స్టవ్వు ఆర్పేసి, గిన్నెల మూతల మీద రాళ్లు పెట్టేది. గోడ మీది క్యాలెండరుకు నాలుగు మూలలా మేకులు కొట్టి ఉండేవి. కామారెడ్డి రైల్వే గేటు అవతలి ఆ వీధిలో దాన్ని ఎవరూ వింతగా చూసేవాళ్లు కాదు. ఒకరికి పిల్లికళ్లు ఉంటాయి, ఒకరికి ఎడమచేతి వాటం ఉంటుంది, వాజిదాకు గాలి ఉంది. పుట్టినప్పటి నుంచి అది ఆమె చుట్టూ తిరుగుతూనే ఉంది. ఒకరోజు మెల్లగా, ఒకరోజు జోరుగా. ఎప్పుడు ఎటు వీస్తుందో ఆమెకూ తెలిసేది కాదు.

ఒకప్పుడు ఆ గాలికి పనుండేది. వరికోతలు అయినంక తాడ్వాయి రైతులు ఎడ్లబండి కట్టి పంపేవాళ్లు. వాజిదా పోయి కల్లంలో నిలబడితే చాలు, పొల్లంతా అటు ఎగిరిపోయి గింజ ఇటు కుప్పపడేది. ఇంటికి తిరిగొచ్చే బండిలో ఆమె పక్కన ఒక వడ్ల బస్తా ఉండేది. తర్వాత ఊర్లలోకి ట్రాక్టరు ఫ్యాన్లు వచ్చాయి. ఎడ్లబండ్లు రావడం మానేశాయి.

పెళ్లి కూడా అయింది. బిచ్కుందలో దూది ఏకి పరుపులు కుట్టే అజీముద్దీన్‌కు ఇచ్చారు. సంబంధం మాట్లాడిన పెద్దల్లో ఒక్కరికీ ముందు తట్టలేదు. కొత్తకోడలు గడపలో అడుగుపెట్టగానే ఏకి పెట్టిన దూదంతా లేచి, ఊరు దాటి, మహారాష్ట్ర పొలాల మీద పడింది. అక్కడి వాళ్లు పత్తి ఈసారి ముందే పగిలిందనుకున్నారట. అత్త తల పట్టుకుంది. అజీముద్దీన్ ఏవో మాటలు అరిచి చెప్పేవాడు. వాజిదాతో ఎవరైనా అరిచే మాట్లాడాలి. చెవుల్లో ఎప్పుడూ గాలి మోతే కదా! ఎండాకాలం రాకముందే అన్న ఘనీ పోయి చెల్లెల్ని తెచ్చుకున్నాడు. తలాక్ మాట వీళ్లు అడగలేదు, వాళ్లు చెప్పలేదు. అట్లనే ఏండ్లు గడిచాయి.

ఘనీ మధ్యలో షార్జా పోయి, అక్కడ కార్ల షెడ్డులో పనిచేసి తిరిగొచ్చాడు. ఇంటి ముందరే సొంత షెడ్డు వేసుకున్నాడు. ఆ షెడ్డు ముందుకు ఒకరోజు ఎల్లారెడ్డి నుంచి విమలమ్మ కారు వచ్చింది. తనంతట నడిచి రాలేదు, దారిలో ఆగిపోయింది. ముందర కాడి కట్టిన ఎడ్లు లాగుతుంటే, స్టీరింగు పట్టుకుని విమలమ్మ నిటారుగా కూర్చుని వచ్చింది.

అది లండన్ నుంచి ఓడలో వచ్చిన పాత బండి. పొడుగు ముక్కు, రెండే తలుపులు, ముందు ఇద్దరికి సీట్లు, వెనక ఒక మనిషి ముడుచుకుని కూర్చునేంత చోటు. గుడ్డ పైకప్పును వెనక్కి మడిస్తే నెత్తి మీద ఆకాశమే. విమలమ్మ భర్త హైదరాబాదులో ఒక జాగీర్దారు ఇంట్లో దాన్ని కొన్నాడు. ఆయన పోయినంక భూమి చూసుకోవడంతో పాటు బండి నడపడం కూడా ఆమే నేర్చుకుంది.

"ఘనీ, దీనికి బలం పెట్టాలె," అంది దిగకుండానే.

"ఎంత బలం పటేలమ్మా?"

"బస్సు ముంగట పోయేటంత. ఆయన బతికినన్ని దినాలు బస్సు ఎనుక దుమ్ము మింగుకుంట కామారెడ్డికి వచ్చిన. ఆయన పోయినంక గూడ మింగుతున్న. ఇగ నాతోని కాదు."

ఘనీ ఇంట్లోకి పోయి, మంచం కింది నుంచి కంబళిలో చుట్టిన మూట తెచ్చాడు. రెండు నత్తగుల్లలను వీపుకు వీపు అంటించినట్టు ఉంది అందులో వస్తువు. షార్జాలో గుద్దుకుని నుజ్జయిన ఒక జపాన్ కారుది. సేఠు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడు. విమానం దిగినచోట తనిఖీ చేసినవాళ్లు ఖీమా కొట్టే మిషన్ అనుకుని వదిలేశారు.

"టర్బో," అన్నాడు ఘనీ. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖం వెలిగింది. ఇన్నాళ్లూ దాన్ని బిగించే బండి అతనికి దొరకలేదు.

చాయ్ తెచ్చిన వాజిదా షెడ్డు గుమ్మంలోనే నిలబడింది. లోపలికి వస్తే ఇనుపరజను లేస్తుంది. కానీ చూపు ఆ వస్తువు మీది నుంచి కదల్లేదు.

"ఏం చేస్తది భాయ్ ఇది?"

"ఇంజన్ ఇడిసిపెట్టిన పొగ ఉత్తగ పోతది గదా!" ఘనీ ఆమెకు వినపడేటట్టు గొంతెత్తాడు. "ఆ పొగ పోతపోత ఈ చక్రాన్ని తిప్పుతది. దాంతోని అవతలి చక్రం తిరుగుతది. అది బయటి గాలిని గుంజి ఇంజన్ల కుక్కుతది. ఎంత గాలి తింటే అంత బలం!"

వాజిదా నత్తగుల్ల నోట్లోకి తొంగిచూసింది. రెక్కల చక్రం చిన్నగా, వంకర తిరిగిన ఆకుల్లా ఉంది. వేలు పెట్టకుండానే అది గిర్రున తిరిగింది. ఆమె గాలికి తిరిగింది. వాజిదా నవ్వింది.

ఆ రోజు నుంచి ఆమె ఏదో ఒక వంకతో గుమ్మం దగ్గరే ఉండేది. ఘనీ ఇంజన్ తల విప్పాడు. ఎక్కువ గాలి దూరితే పాత ఇంజన్ లోపల పగిలిపోతుందని, దానికి కొంచెం జాగా ఇవ్వడానికి రాగిరేకును మందంగా కత్తిరించి మధ్యలో పెట్టాడు. పొగగొట్టాన్ని కోసి, వంచి, టర్బోకు అతికించాడు. అది కాలిపోకుండా సన్నని గొట్టంతో నూనె అందించాడు. గాలికి సరిపోయే పెట్రోలు రావాలని కార్బొరేటర్ రంధ్రం పెద్దది చేశాడు. బ్రేకులు మార్చాడు. "ఉరుకుడు నేర్పినంక ఆగుడు గూడ నేర్పాలె గద," అన్నాడు చెల్లెలితో.

అన్నీ బిగించి తాడ్వాయి రోడ్డు మీదికి తీసుకుపోతే, బండి ఎప్పటిలాగే నడిచింది. ఎంత తొక్కినా టర్బో మేలుకోలేదు. దించిన ముఖంతో ఘనీ తిరిగొచ్చాడు.

"పెద్ద ఇంజన్‌కు చేసింది ఇది. ఈ ముసలిదాని ఊపిరి సాలుతలేదు," అన్నాడు బానెట్ ఎత్తి. తెల్లారితే విమలమ్మ వస్తుంది. ఇంజన్ ఆడుతూనే ఉంది.

చక్రం అసలు తిరుగుతుందా లేదా చూద్దామని వాజిదా మొదటిసారి షెడ్డు లోపలికి వచ్చింది. బానెట్ కిందికి వంగి, టర్బో నోటికి దగ్గరగా ముఖం పెట్టింది.

ముందు సన్నగా ఈల వినిపించింది. ఆమె దుపట్టా ఒకసారి ముందుకు ఎగిరి, తర్వాత భుజం మీద పడిపోయింది. జుట్టు అణిగిపోయింది. నేల మీద ఇనుపరజను కదలడం ఆగిపోయింది. ఈల లావై కూతగా మారింది, ఇంజన్ ఒళ్లు విరుచుకున్నట్టు లేచి, షెడ్డు రేకులన్నీ అదిరాయి.

ఘనీ తాళం తిప్పి ఆపాడు. టర్బో మూతి దగ్గర క్లిప్పు ఇంకాస్త బిగించాడు.

"పోయిందా?" అన్నాడు.

"పోయింది."

"నొచ్చిందా?"

"లే."

ఆ మధ్యాహ్నం జులేఖా గిన్నెల మీది రాళ్లు తీసి పెరట్లో పడేసింది.

మొదటి రోజులు వాజిదాకు వింతగా గడిచాయి. వదిన అన్నం వారుస్తూ కూనిరాగం తీస్తుందని తెలియదు, ఇప్పుడు తెలిసింది. గూడ్సు బండి ఆగేముందు నిట్టూరుస్తుంది. పక్కింటి దుర్గవ్వ పూలమొక్కలతో ముచ్చట్లు పెడుతుంది. వీధిలో వాళ్లు అలవాటుగా ఆమెతో ఇంకా అరిచే మాట్లాడుతుంటే, "మెల్లగ చెప్పుండ్రి, ఇంటున్న," అనేది. కానీ ఒక్కోసారి గుమ్మంలో నిలబడి, చేతులు చాపి చూసుకునేది. ఏమీ తగిలేది కాదు. అప్పుడు ఒంటిమీద బట్ట లేనట్టు అనిపించేది.

విమలమ్మ బస్సును దాటేసింది. లింగంపేట దగ్గర దాటి, చెయ్యి ఊపి, వెనక్కి కూడా చూడలేదట. మరుసటి వారం వచ్చి వాజిదాను పిలిచింది.

"బిడ్డా, నీ గాలి నా బండ్ల ఉన్నది. నాకు తెలుసు. కావాలంటే చెప్పు, ఇప్పుడే ఇప్పిస్త."

వాజిదా ఆలోచించింది. "ఉండనియ్యుండ్రి. దానికి ఆడ మంచిగనే ఉన్నట్టుంది."

కానీ చిక్కు అప్పుడే మొదలైంది. మొదటి వారమంతా వాజిదా లేకుండానే తిరిగిన బండి, ఇప్పుడు ఆమె దగ్గరి నుంచి బయలుదేరి రైల్వే గేటు దాక పోయి ఆగిపోయింది. నెట్టుకొస్తే ఘనీ ఇంటి ముందు దానంతటదే మొదలైంది. మళ్లీ గేటు దగ్గర ఆగింది. ఘనీ అన్నీ చూశాడు, తప్పేమీ దొరకలేదు. విమలమ్మ కాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "ఎక్కు పిల్లా," అంది వాజిదాతో. వాజిదా ఎక్కి కూర్చుంది. బండి ఎల్లారెడ్డి దాక ఈల వేసుకుంటూ పోయింది.

ఆ తర్వాత వాజిదా వారంలో సగం రోజులు ఎల్లారెడ్డిలో, సగం రోజులు కామారెడ్డిలో ఉండేది. ఊరి బయట ఖాళీ చెలకలో విమలమ్మ ఆమెకు స్టీరింగు ఇచ్చింది. వాజిదా మొదటిసారి యాక్సిలరేటర్ మీద పాదం పెట్టింది. కొంచెం తొక్కితే గాలి కొంచెం లేచింది. ఇంకొంచెం తొక్కితే ఇంకొంచెం. కాలు తీస్తే అణిగింది. పుట్టినప్పటి నుంచి తనతో తిరిగిన గాలి, ఎన్నడూ తన మాట వినని గాలి, ఇప్పుడు పాదం కింద ఉండి ఎటు పోదామని అడుగుతున్నట్టుంది. ఆ రోజు పొద్దు వాలేదాక ఆమె బండి దిగలేదు.

గాలి పోయిన సంగతి బిచ్కుందకు చేరింది. ఒక శుక్రవారం నమాజు అయినంక అజీముద్దీన్ ఘనీ ఇంటికి వచ్చాడు. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. తల్లి పోయిందని చెప్పాడు. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి, "తోలుకపోదామని వచ్చిన," అన్నాడు.

తలుపు వెనక నిలబడ్డ వాజిదాకు అతని గొంతు కొత్తగా ఉంది. అరవకుండా మాట్లాడితే అది మంచి గొంతు. ఇంకేం మాట్లాడతాడో వినాలనిపించింది.

ఘనీ, జులేఖా సంబరపడ్డారు. పెట్టె సర్దారు. బండి ఎల్లారెడ్డి దాక పోవాల్సిందే కాబట్టి, అక్కడ విమలమ్మకు అప్పజెప్పి బిచ్కుంద బస్సు ఎక్కుదామని అనుకున్నారు. వాజిదా స్టీరింగు ముందు కూర్చుంది. అజీముద్దీన్ ఒక్క క్షణం తటపటాయించి, పక్కన కూర్చున్నాడు. తాడ్వాయి దాటినంక టోపీ తీసి జేబులో పెట్టుకున్నాడు. లింగంపేట దాటినంక, "ఇంకొంచెం జోరుగ పోతదా?" అని అడిగాడు. పోయింది. అతను చిన్నగా నవ్వడం ఆమె ఓరకంట చూసింది.

ఎల్లారెడ్డి బస్టాండు ముందు బండి ఆపింది. బిచ్కుంద బస్సు నిలబడి ఉంది.

"దిగుదామా?" అన్నాడు.

వాజిదా చేతులు స్టీరింగు మీదనే ఉన్నాయి. "ఒకటి అడుగుత. రేపు నేను లేసేసరికి గాలి మళ్ల నా మీదికొస్తే?"

అజీముద్దీన్ జేబులోంచి టోపీ తీసి పెట్టుకున్నాడు.

"దూది మీద తడిగుడ్డ కప్పుత," అన్నాడు.

"అప్పుడు గూడ కప్పొచ్చు గద!"

"అప్పుడు తట్టలేదు. నువ్వు పోయినంక తట్టింది. వచ్చి చెప్పనీకి సిగ్గయింది."

వాజిదాకు నవ్వొచ్చింది, కండ్లలో నీళ్లూ వచ్చాయి. ఇన్ని ఏండ్లూ ఒక తడిగుడ్డ! అతని మీద కోపం తెచ్చుకుందామంటే రాలేదు.

"నేను బిచ్కుందకు రాను," అంది. "మీ మీద కోపంతోని కాదు. ఈ బండి ఇడిసిపెట్టి ఉండలేను. ఇది నాదే. నేను లేకుంటే ఇది నడువది, ఇది లేకుంటే నాకు గూడ అంతే."

"మరి నేను?"

"ఎల్లారెడ్డిల గూడ పరుపుల మీద పండేటోళ్లు ఉన్నరు."

బస్సు హారన్ కొట్టింది. అజీముద్దీన్ దిగి, బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చున్నాడు. ఇటు చూడలేదు. బస్సు కదిలిపోయింది. వాజిదా పెట్టెతో సహా విమలమ్మ ఇంటికి పోయింది. విమలమ్మ పెట్టెను చూసి, పెరటివైపు గది తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

వానలు పడ్డాయి, నాట్లు అయ్యాయి. బిచ్కుంద నుంచి కబురు లేదు. వాజిదా బస్టాండు ముందు నుంచి పోయే ప్రతిసారీ కాలు కొంచెం తీసేది, తర్వాత మళ్లీ తొక్కేది.

దసరా దాటినంక ఒక పొద్దున, బస్సు పైనుంచి కండక్టరు ఏదో పొడుగాటి వస్తువును జాగ్రత్తగా కిందికి అందిస్తుంటే ఆమె చూసింది. దూది ఏకే విల్లు. కింద నిలబడి దాన్ని అందుకుంటున్నది అజీముద్దీన్.

ఆమె బండి పక్కకు తెచ్చి ఆపింది. విల్లు లోపల పట్టలేదు. పైకప్పు వెనక్కి మడిచి, వెనక చోటులో దాన్ని ఆకాశానికి నిలబెట్టి, కిందికొసను కాళ్ల మధ్య ఇరికించుకుని అజీముద్దీన్ ముడుచుకుని కూర్చున్నాడు.

"మెల్లగ పో," అన్నాడు.

ఆమె మెల్లగానే పోయింది. అయినా గాలి తగిలి విల్లు తీగ ఝుమ్మని మోగడం మొదలుపెట్టింది. బజారు పొడుగునా అదే మోత. అంగళ్ల వాళ్లు తలలు ఎత్తి చూశారు, ఇండ్లలో ఆడవాళ్లు చేతిలో పని ఆపారు. బండి విమలమ్మ ఇల్లు చేరేలోపే, దూది ఏకేవాడొచ్చాడని బజారులోని హన్మవ్వ తన పాత పరుపును నెత్తిన పెట్టుకుని వెనకాలే నడిచి వస్తోంది.