మంగళవారాల గొంతు

టాక్సీ ఎక్కి ఒబ్దూలియా "శ్మశానానికి, చర్చి ఉన్న గేటు దగ్గరికి" అన్నదో లేదో డ్రైవరు అద్దంలోంచి చూశాడు. మొహం చూసి కాదు, మాట విని.

"డోన్యా ఒబ్దూలియా! మీరేనా! 'ఉప్పుమళ్ళ దొరసాని' సినిమా మా అమ్మ పదకొండుసార్లు చూసిందండీ. ఆ గొంతుతో తిట్టించుకున్నా పుణ్యమే అనేవాడు మా నాన్న. మా ఆవిడకీ గొంతుంది లెండి, పుణ్యమే లేదు."

ఆమె నవ్వింది. ఇలాంటి మాటలకని ముప్ఫై మూడేళ్ళుగా ఒక నవ్వు దగ్గర ఉంచుకుంది. ఈ రోజు ఆ నవ్వు మొహం మీద సరిగ్గా కూర్చోలేదు. ఆ గొంతు అసలు ఎవరిదో ఆ మనిషి ఇప్పుడు శవపేటికలో పడుకుని ఉంది.

ఒబ్దూలియాది స్పెయిన్ పడమటి మూల ఎస్త్రెమదూరాలో ఒక పల్లె. పందులు మేపుకుని బతికే ఊరు. అక్కడివాళ్ళు మాటల చివర్లు మింగేస్తారు. నాటకాల కంపెనీలో ఆ యాసతోనే పదేళ్ళపాటు మంత్రసానులూ రైతు భార్యలూ వేసి చప్పట్లు కొట్టించుకుంది. తరవాత సినిమాలో దొరసాని వేషం దొరికింది. చిత్రీకరణ ముగిశాక కంపెనీతో నాటకాలాడడానికి బిల్బావో వెళ్ళి, మొదటి ఆట నాటికి మాడ్రిడ్ తిరిగొచ్చింది. తెరమీద తన పెదవులు కదిలాయి. మాట్లాడింది మాత్రం విసి. అదే కంపెనీలో పనిమనిషి వేషాలు వేసే విసితాసియోన్.

"మొహం దొరసానిదే. నోరు తెరిస్తే పందుల దొడ్డి. ఏం చెయ్యమంటావు?" అన్నాడు నిర్మాత డాన్ ఫుల్హెన్సియో.

సినిమా దేశమంతా ఆడింది. ఆ ఏడే సరగోసా నగరంలో ఒబ్దూలియా రంగస్థలం ఎక్కి మొదటి మాట పలికేసరికి పై అంతస్తులోంచి వెక్కిరింపు ఈలలు వచ్చాయి. "ఏమమ్మా, గొంతు ఇంట్లో మరిచిపోయి వచ్చావా?" అని ఎవడో అరిచాడు. హాలంతా నవ్వింది.

మాడ్రిడ్ రాగానే ఆమె విసి ఇంటి తలుపు తట్టింది. ఆ తరవాత ఏడాదిపాటు ప్రతి మంగళవారం మధ్యాహ్నం వెళ్ళింది. విసి ఒక్క ప్రశ్న అడగలేదు. కాఫీ పెట్టి, పక్కటెముకల మీద చెయ్యి వేసి చూపించేది.

"కడుపులోంచి కాదే, ఇక్కణ్ణుంచి. ఆ చివర్లు మింగకు. ఆకలేస్తే బల్ల మీద రొట్టె ఉంది, అది మింగు."

ఏడాది తిరిగేసరికి, విసి ఇంటికి ఎవరైనా ఫోను చేస్తే ఒబ్దూలియా ఎత్తినా పలికింది విసి అనుకునేవారు. ఆ మంగళవారాలు అంతటితో ఆగిపోయాయి.

కొన్నేళ్ళకి విసి ఒక్కసారి ఫోను చేసింది. "ఒబ్దూ, ఈసారి పత్రికవాళ్ళు వస్తే నా పేరు ఒక్కమాట చెప్పకూడదూ? మీ అమ్మ ఏం చేస్తుందని బళ్ళో మా పిల్లను అడుగుతున్నారట."

"ఒప్పందం ఉంది కదే" అంది ఒబ్దూలియా. ఎవరికీ చెప్పనని నిర్మాతకు సంతకం చేసి ఇచ్చింది విసి. ఒబ్దూలియా ఏ కాగితం మీదా సంతకం చెయ్యలేదు.

నిన్న ఆ పిల్లే ఫోను చేసి విసి పోయిందని చెప్పింది. నీవెస్. ఇప్పుడు నలభై దాటింది.

"పెట్టెను మోసుకొచ్చేటప్పుడు మెట్ల మీద నిలబడి ఒక్క వాక్యం చెప్పండి. ఆ గొంతు మా అమ్మదని. ఇంకేమీ అడగను."

చెబుతానంది ఒబ్దూలియా. అంతకన్నా ఎక్కువే చేద్దామనుకుంది. తన ఊరి మాటతో, చివర్లు మింగేసి చెబితే ఇక ఎవరికీ అనుమానం ఉండదు. సొంత గొంతుకి సాధన ఎందుకని ఇంట్లో ఒక్కసారైనా పలికి చూసుకోలేదు.

చర్చి ముందు పన్నెండుమంది ఉన్నారు. డబ్బింగు చెప్పే ముసలివాళ్ళే ఎక్కువ. నటుల పెట్టె బయటికి వస్తుంటే చప్పట్లు కొట్టి పంపడం ఆ వృత్తిలో ఆచారం. వాళ్ళు చలికి చేతులు రుద్దుకుంటూ సిద్ధంగా నిలుచున్నారు. ఒబ్దూలియా టాక్సీ దిగేసరికి పూలమ్మేవాళ్ళూ, పక్క అంత్యక్రియలకు వచ్చినవాళ్ళూ గుర్తుపట్టి మూగారు. పెట్టె ఇంకా గడప దాటకముందే చప్పట్లు మొదలయ్యాయి.

"దొరసానీ! సినిమాలో మాట ఒక్కటి!" అని కేకేసింది పూలావిడ.

ఒబ్దూలియా చెయ్యెత్తింది. అందరూ ఊరుకున్నారు. చిన్నప్పుడు అమ్మ దొడ్లోంచి తనను పిలిచిన పిలుపు తలుచుకుంది. ఆ పలుకు కోసం నోరు తెరిచింది.

"నేను మాట్లాడే ఈ గొంతు నాది కాదు. విసిది."

ఒక్క మాట చివర కూడా మింగలేదు. ఊపిరి పక్కటెముకల దగ్గరినుంచే వచ్చింది. ప్రతి అక్షరం గుండ్రంగా, నిండుగా, విసి నేర్పినట్టే పడింది.

"చూశావా, ఎంత వినయమో!" అంది పూలావిడ కళ్ళు తుడుచుకుంటూ. "పోయినామెకి తన గొంతే ధారపోసింది!"

చప్పట్లు హోరెత్తాయి. వాటి మధ్యగా విసి పెట్టె మెట్లు దిగి బండి ఎక్కింది. ఆ పన్నెండుమందీ కొట్టారో లేదో ఎవరికీ వినబడలేదు.

నీవెస్ కదలకుండా నిలబడి ఉంది. ఒబ్దూలియా ఆమె దగ్గరికి వెళ్ళింది.

"మా ఊరి మాటతో చెబుదామనుకున్నానమ్మా. రాలేదు. ఎంత వెతికినా రాలేదు."

నీవెస్ కళ్ళు మూసుకుంది.

"ఇంకా మాట్లాడండి."

"ఏం మాట్లాడను?"

"'కోటు గుండీలు పెట్టుకో, చలిగాలి' అనండి."

ఒబ్దూలియా అంది. నీవెస్ కళ్ళు తెరవకుండానే గుండీలు ఒక్కొక్కటే మెడదాకా పెట్టుకుంది. తరవాత కళ్ళు తెరిచింది. ఎదురుగా ఉన్న మొహాన్ని కాసేపు చూసింది.

"ఇక మీరు వెళ్ళండి" అంది.

గేటు దగ్గర ఇంకో టాక్సీ దొరికింది. ఎక్కడికండీ అని డ్రైవరు రెండుసార్లు అడిగాడు. ఒబ్దూలియా సంచీలోంచి కాగితం తీసి, చిరునామా రాసి, అతని చేతికిచ్చింది.