సెలవు మీద వెళ్ళిన గొంతు

బస్టాండులో అందరూ ఆమెను మైకమ్మ అనేవాళ్ళు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. కానీ మైకు ముందు కూర్చున్న మనిషికి పేరుతో పనేముంది చెప్పండి! పొద్దున్నే అద్దాల గదిలోకి వచ్చేది. కుర్చీ దులుపుకునేది. మైకుని వేలితో టక్కున కొట్టి మొదలుపెట్టేది: "రేవుకి వెళ్ళే బస్సు రెండో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది." ఆ మాట అనగానే బెంచీల మీద జనం మూటలూ పిల్లలూ చంకనేసుకుని లేచేవాళ్ళు. సాయంత్రం దాకా అదే పని.

కడుపుతో ఉన్నానని తెలిసిన రోజు కూడా అదే మాట అదే తీరున చెప్పింది. అమ్మల్లారా, అబద్ధమెందుకు, ఆమెకి సంతోషం రాలేదు. పోనీ ఏడుపొచ్చిందా అంటే అదీ రాలేదు. పక్కింటికి చుట్టాలొచ్చారని విన్నట్టు విని ఊరుకుంది. తప్పు పట్టకండి. మనసు లోపల్నుంచి గడియ పెట్టుకుంటే తీయగలిగినవాడు పైవాడొక్కడే. ఆయనకీ వేళ కుదరాలి.

ఆమె ఆలోచన అంతా సెలవు మీదే. సెలవంటే మంచం మీద పడుకుని ఫ్యాను వంక చూడటం, అంతవరకే ఊహ అందేది. ఆ తర్వాత ఒక్కటే భయం. తిరిగొచ్చేసరికి ఆ కుర్చీ ఉంటుందా? ఇంట్లో లేచి నీళ్ళివ్వమంటే ఒక్కరూ కదలరు గానీ, ఆ గదిలోంచి చెప్తే ఊరు ఊరంతా కదిలేది. లోకంలో తనది అనిపించేది ఆ కుర్చీ ఒక్కటే.

"సెలవు కాదన్నదెవరమ్మా, చట్టమే ఉందిగా" అన్నాడు సూపర్‌వైజరు. టేబుల్ మీద గొంతు రికార్డు చేసే కొత్త మెషిన్ ఒకటి పెట్టాడు. "పోయే ముందు బస్సులన్నీ ఇందులో ఒకసారి చదివి పెట్టు. నీకూ నిశ్చింత, మాకూ నిశ్చింత."

"తిరిగొచ్చాక సార్?"

"వచ్చాక చూద్దాంలే" అంటూ ఆయన మెషిన్ తుడవడంలో పడిపోయాడు.

ఈ సంగతి విని టికెట్లిచ్చే ఆవిడ కౌంటరు కిటికీలోంచి సగం బయటికొచ్చింది. ఆవిణ్ణి అందరూ టికెట్టక్క అంటారు. "చదవకే పిచ్చిమొద్దూ! మెషిన్‌కి కడుపు రాదు, కాన్పు రాదు, నడుం నొప్పి రాదు. చదివావంటే నీకిక సీటూ రాదు!"

"చదవకపోతే సెలవు మంజూరు కాదక్కా."

"ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే మరి" అంది టికెట్టక్క. పాపం, ఇంకేమంటుంది!

మైకమ్మ చదివింది. కడుపు టేబుల్‌కి తగులుతుంటే కుర్చీ వెనక్కి జరుపుకుని మరీ, ఒక్క బస్సూ వదలకుండా చదివింది. లేచి ఇంటికి వెళ్తుంటే గొంతు ఖాళీ అయిన కుండలా తేలిగ్గా ఉంది. ఆ రోజు నుంచి మాట తగ్గింది. ఏం అడిగినా తల ఊపేది. గది అవసరం తీరిందని ఆమె కుర్చీని సూపర్‌వైజరు తన గదిలో వేయించుకున్నాడు. అది విన్నప్పుడూ తలే ఊపింది.

మెషిన్ కొన్నాళ్ళు బుద్ధిగానే పలికింది. ఓ మధ్యాహ్నం, "కొండ మీదికి వెళ్ళే బస్సు మూడో... ఉండండి, ఆయాసంగా ఉంది... మూడో ప్లాట్‌ఫారం మీద ఉంది" అంది.

మూట నెత్తికెత్తుకుంటున్న పెద్దాయన తలెత్తి, "మెల్లిగా చెప్పు తల్లీ, బస్సు ఎక్కడికి పారిపోతుంది!" అన్నాడు.

ఊడ్చే మనిషి స్పీకరు స్తంభం కింద స్టూలు వేసింది. పుల్లటిది తినాలనుందని స్పీకరు అంటే, ఎవరో రెండు నిమ్మకాయలు ఆ స్టూలు మీద పెట్టి తమ బస్సెక్కి వెళ్ళిపోయారు. ఇదేం వింత అని ఒక్కరూ అడగలేదు. కడుపుతో ఉన్న మనిషి చదివితే ఆ గొంతు కడుపుతో ఉండక ఏం చేస్తుంది!

మైకమ్మ ఇల్లు బస్టాండు వెనక సందులోనే. ఆమె మంచం మీద పడుకుని ఫ్యాను వంక చూసేది. కిటికీలోంచి తన గొంతు వినిపించేది, ఎవరిదో అన్నట్టు. భర్త డిపోలో టైర్ల పని చేసేవాడు. మసి చేతులతో వచ్చి గుమ్మంలోనే మొదలుపెట్టాడు ఒకరోజు.

"ఇవాళ భలే నవ్వావంట కదా!"

"నేనా?"

"నువ్వే, స్పీకర్లో. బిడ్డ తన్నిందని కిలకిలా నవ్వావంట. రేవు బస్సు జనం దిగొచ్చి మరీ విన్నారంట."

"తన్నిందా?" అని ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. చేతికి ఏదో తగిలింది, కదిలింది. మనసుకి మాత్రం ఏమీ తగల్లేదు. చెయ్యి తీసేసి, "అన్నం పెట్టనా?" అంది.

నొప్పులొచ్చిన రోజు బస్టాండు నిండా జనం. స్పీకరు ఒక్కసారి "అమ్మా!" అని, "ఇక నావల్ల కాదు, సెలవు మీద వెళ్తున్నా, చూసి ఎక్కండి" అని ఆగిపోయింది. టికెట్టక్క కౌంటరు మూసేసి సందులోకి పరిగెత్తింది. దేవుడి దయవల్ల కాన్పు సుఖంగానే అయింది. ఆడపిల్ల. మైకమ్మ బిడ్డని ఎత్తుకుంది, పాలిచ్చింది, నీళ్ళు పోసింది, గుడ్డలు ఉతికి ఆరేసింది. అన్నీ సరిగ్గానే చేసింది. నోరు మాత్రం విప్పలేదు. బిడ్డ కూడా ఎవరి వంకా చూసేది కాదు. గోడ వంక చూస్తూ పాలు తాగేది.

అక్కడ బస్టాండులో మెకానిక్ మెషిన్‌కి చెవి ఆనించి, "లోపల ఎవరూ లేరు సార్" అని స్క్రూలు బిగించేశాడు. సూపర్‌వైజరు తనే మైకు పట్టాడు. ఆయన గొంతులో దేవుడు కంకర పోశాడు, ఆయనేం చేస్తాడు! రేవుకి పోవాల్సిన పెళ్ళివారు కొండ మీద తేలారు, కొండ మీదికి పోవాల్సిన ముసలమ్మ సముద్రం చూసొచ్చి మళ్ళీ అదే బస్సు కావాలంది.

చివరికి ఆయన మెషిన్ చంకన పెట్టుకుని మైకమ్మ ఇంటికే వచ్చాడు. గొంతు బొంగురుపోయి ఉంది.

"ఇప్పుడు కాన్పు కూడా అయిపోయిందిగా అమ్మా. ఇంకొక్కసారి చదివి పెట్టావంటే ఈసారి ఏ పేచీ ఉండదు."

మెషిన్ మంచం పక్కన పెట్టి మీట నొక్కాడు. భర్త గోడకి ఆనుకుని నిలబడ్డాడు, అవుననలేక, కాదనలేక. ఇప్పుడు చదివిందా, ఆ కుర్చీ ఇక ఆమెది కాదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. మైకమ్మ అలవాటుగా తల ఊపబోయింది.

సరిగ్గా అప్పుడే గొంతు ఇల్లు చేరింది. బస్టాండు నుంచి సందు దాకా ఇన్నాళ్ళు పట్టిందంటే, పచ్చి బాలింత కదా, ఆగి ఆగి నడిచి ఉంటుంది. మైకమ్మకి గొంతులో వెచ్చగా ఏదో దిగినట్టయింది. ఒకసారి దగ్గింది.

"ఇప్పుడు చదివితే పేచీ లేకేం సార్! బిడ్డ ఏడ్చినప్పుడల్లా అందులోని గొంతు లేచి పాలివ్వడానికి పోతుంది."

సూపర్‌వైజరు మెషిన్ వంక చూశాడు. ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు. మీట ఆపేశాడు.

"అయితే ఏం చేద్దామంటావు?"

"సెలవు పూర్తిగా వాడుకుంటాను. ఆ తర్వాత నేనే వచ్చి చెప్తాను. నా కుర్చీ నా గదిలో వేయించండి సార్."

"ఇవాళే వేయిస్తా" అన్నాడాయన, ఆ ఉన్న బొంగురు గొంతుతోనే. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

ఒళ్ళో బిడ్డ పాలు వదిలేసింది. గోడ మీంచి మెల్లగా చూపు తిప్పి, మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో వెతుక్కుంటూ, తల్లి ముఖం దగ్గర ఆగింది. రెప్ప వేయలేదు.

మైకమ్మ బిడ్డని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

"ఏంటే, అలా చూస్తావు?" అంది. "నేనే."