మూడో లైఫు

“నడవకపోయినా పర్లేదండి పిన్నిగారూ. బొమ్మలా నిలబడితే చాలు,” అన్నాడు వంశీకృష్ణ.

వీరరాఘవమ్మకు ఆ మాట రుచించలేదు. “నడుస్తుంది,” అంది.

గుండుగొలనులో హైవే పక్కన ఆమెకు చిన్న కూల్‌డ్రింకుల కొట్టు ఉంది. ఆ మధ్యాహ్నం తెల్లకారు దిగి, నల్ల కళ్ళద్దాలు తీసి, “నన్ను గుర్తుపట్టారాండీ?” అని నవ్విన మనిషిని ఆమె చూడగానే పోల్చుకుంది. నలభైకి దగ్గరపడి, పొట్ట వచ్చి, గడ్డం పెంచినా పోల్చుకోకుండా ఎలా ఉంటుంది? పాతికేళ్ళుగా ఆ మొహాన్ని ఆమె మరిచిపోయిన రోజు లేదు.

వట్లూరు రోడ్డులో హోటలు పెడుతున్నాడట. పై అంతస్తంతా పాతకాలపు సామానుతో నింపుతున్నాడట. పసుపురంగు టెలిఫోను డబ్బా, క్యాసెట్ల టేపురికార్డరు, చెక్క తలుపుల టీవీ, అన్నీ దొరికాయట. వీడియోగేము మిషనొక్కటే ఎక్కడా దొరకలేదట. తాడేపల్లిగూడెంలో వెంకట్రాజు బాబాయి కొట్టు మిషనొకటి పిన్నిగారి దగ్గరే ఉండిపోయిందని ఎవరో చెప్తే వచ్చాడట.

“మా చిన్నతనమంతా అక్కడే కదండీ. ఆ రోజులు మళ్ళీ వస్తాయాండీ? ఇప్పటి పిల్లలకి ఫోనే లోకం. పక్కన మనిషున్నాడో లేడో కూడా చూడరు,” అన్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

ఏం కావాలో అడగమన్నాడు. వీరరాఘవమ్మ బల్ల మీద సీసా దించిన తడి మరకను గుడ్డతో తుడిచింది. మరక పోయాక కూడా తుడుస్తూనే ఉంది.

“ఊరికే తీసుకెళ్ళు బాబూ. కానీ ఒక్కటి. హోటలు తెరిచే రోజున నలుగురిలో నిలబడి, మీ బాబాయి కొట్లో జూదం ఎప్పుడూ ఆడలేదని చెప్పాలి. మీ నాన్నగారు కూర్చుని వింటుండగా చెప్పాలి.”

“ఓస్, అంతేనాండీ! బాబాయి గురించి చెప్పకుండా ఆ మిషను గురించి ఎలా చెప్తానండీ?” అన్నాడతను. ఎందుకలా అడుగుతున్నారని మాత్రం అడగలేదు. గుర్తుంది కాబట్టే అడగలేదనుకుంది ఆమె.

*

తాడేపల్లిగూడెంలో సినిమాహాలు పక్క సందులో ఉండేది ఆ కొట్టు. వెంకట్రాజు తన వాటాకొచ్చిన చేను అమ్మి, మద్రాసు నుంచి లారీలో ఆరు మిషన్లు దింపించాడు. “రెండు పంటలు పండే నేలమ్మి దీపాల పెట్టెలు కొన్నావురా, వాటినేం నూరుస్తావు?” అన్నాడు వాళ్ళ నాన్న. కానీ సాయంత్రం బడి వదిలేసరికి సందంతా సైకిళ్ళే. లోపల ఉక్క, చెమట వాసన, ఆరు మిషన్లూ ఒకేసారి కూసే కూతలు. వీరరాఘవమ్మ గుమ్మం పక్కన కూర్చుని రేకు బిళ్లలు ఇచ్చేది. ఒక్కో బిళ్లకు ఒక్కో ఆట.

రాత్రిళ్ళు ఇంటి ఓనరు కొడుకులు దొంగతాళంతో తెరిచి ఆడుకుంటున్నారని తెలిసి, వెంకట్రాజు ఒక్కో మిషను వెనకా మీటరు దగ్గరుండే రకం తెల్ల పింగాణీ ఫ్యూజు బిగించాడు. కొట్టు కట్టేటప్పుడు ఆరింటినీ పీకి గుడ్డసంచిలో వేసుకొచ్చేవాడు. వీధి మలుపులో ఆ సంచి గలగల వినబడితే ఆమె అన్నం వడ్డించేది.

ఆ కొట్టుకొక కట్టుబాటు ఉండేది. గుమ్మం మీద రాసిపెట్టింది కాదు, అయినా ఎవరూ దాటేవారు కాదు. బిళ్ల వేస్తే మూడు విమానాలొస్తాయి. పిల్లలు వాటిని లైఫులనేవారు. మొదటి రెండు లైఫులూ బిళ్ల వేసినవాడివి. మూడోది, పక్కన నిలబడి చూస్తున్నవాడిది.

“అదేం బేరమండీ? ఆ మూడోది కూడా వాణ్ణే ఆడుకోనిస్తే పోలా?” అని ఆమె మొదట్లో గొణిగింది.

“చూసి చూసి వాడి చేతులు పీకుతుంటాయే. ఒక్కసారి ఆ విమానం తిప్పే పుల్ల చేతికిస్తే ఆ రాత్రి హాయిగా నిద్రపోతాడు,” అనేవాడు వెంకట్రాజు.

అలా మూడో లైఫుల మీద పెరిగినవాడే వంశీ. లెక్కల మాస్టారు సూర్యప్రకాశరావుగారి అబ్బాయి. మాస్టారిది గట్టి చెయ్యి. కొడుకు జేబులో బిళ్ల ఉన్న రోజు లేదు. ట్యూషను సంచి భుజాన వేసుకునే వచ్చి, మిషను అంచుకి గడ్డం ఆనించి నిలబడేవాడు. అందరి మూడో లైఫులూ వాడే ఆడేవాడు. పోను పోను, రెండు లైఫులతో ఎవడూ వెళ్ళనంత దూరం వాడు ఒక్కదానితో వెళ్ళేవాడు. వెంకట్రాజు మిగతా పిల్లల్ని పిలిచి మరీ చూపించి మురిసేవాడు.

ఒక సాయంత్రం వాడు ఆ మూడో లైఫులోనే ఉండగా సూర్యప్రకాశరావుగారు గుమ్మంలోకి వచ్చారు. ట్యూషనుకి రాలేదని ఎవరో చెప్పారట. చెవి పట్టుకుని రోడ్డు మీదకు లాక్కెళ్ళారు. చెప్పుదెబ్బకు చెయ్యి లేచేసరికి వాడు ఏడుస్తూ అన్నాడు: “నేను ఆడట్లేదు నాన్నా! లోపల పందేలు కాస్తున్నారు. చూద్దామని ఆగానంతే.”

మాస్టారు లోపలికి తొంగి చూశారు. మిషను నెత్తిన రేకు బిళ్లలు వరసగా పేర్చి ఉన్నాయి. తర్వాతి ఆట ఎవరిదో తెలియడానికి పిల్లలు తమ బిళ్లను అలా పెట్టుకునేవారు. బస్సు సీటులో తువ్వాలు వేసుకున్నట్టే అదీను. ఆయన కంటికి మాత్రం అవి పందెం మీద ఒడ్డిన బిళ్లలయ్యాయి.

ఆదివారాలు తోటల్లో కోళ్ళకు కత్తులు కట్టి, వాటి మీద పంట పంటంతా ఒడ్డే పెద్దలే పదిమందీ మాస్టారితో చేరి, జూదమని అర్జీ పెట్టారు. పోలీసులొచ్చి మిషన్లను వ్యానెక్కించారు. వెంకట్రాజు చొక్కా కాలరు పట్టుకుని సందంతా నడిపించారు. వాళ్ళింటి మేడ మీద నుంచి చూస్తున్న వంశీ కేసి ఆయన ఒక్కసారి తలెత్తి చూశాడు. వాడు కిటికీ మూసుకున్నాడు.

కేసు నిలవలేదు. పేరు మాత్రం నిలిచింది. మిషన్లు తిరిగొచ్చి కొట్టు తెరిచినా ఏ ఇంటివాళ్ళూ పిల్లల్ని రానివ్వలేదు. పెళ్ళికి వెళ్తే పంక్తిలో ఎవరో ఒకరు, “ఏమోయ్ జూదం వెంకట్రాజూ, పేకముక్కలు తెచ్చావా?” అనేవారు. నవ్వుతూనే అనేవారు. ఆయన పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశాడు. తర్వాత ఇళ్ళలోకి కంప్యూటర్లొచ్చాయి, ఆ తర్వాత చేతుల్లోకి ఫోన్లొచ్చాయి, మిషన్లను అడిగేవాడే లేకపోయాడు. కొల్లేరు పక్క మరిదిగారి చేపల చెరువుకి కాపలా కుదిరాడు వెంకట్రాజు. అయిదు మిషన్లలో సామానంతా పీకేసి, ఆ చెక్కపెట్టెల్లో మరిది చేపల మేత పోసుకున్నాడు. తన మిషన్ల పెట్టెల్లోంచే తట్టతో మేత తోడి చెరువులో చల్లుతూ ఎనిమిదేళ్ళు బతికాడు. ఆ చెరువు గట్టు మీదే గుండె ఆగి పోయాడు. ఆరో మిషను, విమానాల ఆటది, వీరరాఘవమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

*

దాన్ని బాగుచెయ్యడానికి తాడేపల్లిగూడెం నుంచి నెల్సన్ వచ్చాడు. వెంకట్రాజు ఉన్న రోజుల నుంచీ ఆ మిషన్లకు మెకానిక్కు అతనే. వెనక చెక్క విప్పి, ఎలకలు పెట్టిన గూడు తీసి, రోజంతా ముక్కుకి తువ్వాలు కట్టుకుని కూర్చున్నాడు.

“చెల్లెమ్మా, ఈ పిక్చరుట్యూబు నా పెళ్ళినాటిది. నా పెళ్ళామే ఇప్పుడు నా మొహం చూడట్లేదు, ఇది చూస్తుందంటావా?”

“చూస్తుంది అన్నయ్యా. నీకంటే బుద్ధున్నది.”

ఏవో రెండు ముక్కలు మార్చి, వైర్లు అతికి లేచాడు. సంచిలో మిగిలిన ఒకే ఒక ఫ్యూజును వీరరాఘవమ్మ పమిటకొంగుతో తుడిచి వెనక నొక్కింది. తెర కాసేపు బూడిదరంగులో వణికింది. తర్వాత నల్లటి ఆకాశం, అందులో చుక్కలు, కింద మూడు చిన్న విమానాలు.

నెల్సన్ ముక్కుకున్న తువ్వాలు విప్పాడు. “నీకోసం వంశీ నిజం చెప్తాడనే అనుకుంటున్నావా చెల్లెమ్మా?” అన్నాడు.

“చెప్తానన్నాడు. ఇప్పుడు వాడికి చెప్పుదెబ్బ భయం లేదుగా.”

*

హోటలు తెరిచే రోజు కూతురు అఖిలను వెంటబెట్టుకుని వెళ్ళింది. మెట్ల నిండా బంతిపూలు. మొదటి వరసలో, తెల్లపంచెలో సూర్యప్రకాశరావుగారు. ఎనభై దాటినా కుర్చీలో నిటారుగానే ఉన్నారు. ఆయన పక్కనే వీరరాఘవమ్మకి కుర్చీ వేశారు.

వంశీ మైకు అందుకున్నాడు. టెలిఫోను డబ్బా గురించి చెప్పాడు, క్యాసెట్ల గురించి చెప్పాడు. తర్వాత మిషను మీద చెయ్యి వేసి, “ఇదండీ అసలు కథ!” అన్నాడు.

“గూడెంలో వెంకట్రాజు బాబాయి అడ్డా అంటే మామూలుది కాదండీ. మనం తొమ్మిదో తరగతి. పైన బిళ్లలు పేర్చి ఒక్కో ఆటకీ ఒక్కో పందెం! బయట ఒకడు కాపలా. మా నాన్నగారొచ్చారు, వెనకాల పోలీసులొచ్చారు. గోడ దూకితే నా నిక్కరు మేకుకే ఉండిపోయిందండీ!”

హాలంతా గొల్లుమంది. సూర్యప్రకాశరావుగారు కూడా భుజాలు ఊగేలా నవ్వి, పక్కనెవరో తెలియక వీరరాఘవమ్మ వైపు వంగి, “నేనేనమ్మా పట్టించింది!” అన్నారు.

“ఆ అడ్డా ఓనరమ్మగారికి సన్మానం!” అన్నాడు వంశీ. ఆమె భుజాల మీద శాలువా పడింది. చప్పట్లు మోగాయి. అఖిల లేవబోతే తల్లి చెయ్యి పట్టి ఆపింది.

జనం మిషను చుట్టూ మూగుతున్నప్పుడు వీరరాఘవమ్మ అతని పక్కకు వెళ్ళింది.

“ఏంటి నాన్నా అలా చెప్పావు? నాకేం చెప్తానన్నావు?”

“బాబాయి గురించి బాగా చెప్పాను కదండీ! అందరూ ఎంత నవ్వారో చూశారా?”

“అక్కడ పందేల్లేవు వంశీ. పందేలున్నాయని ఆ రోజు రోడ్డు మీద అన్నది నువ్వే.”

అతను అదోలా చూశాడు. ఆ చూపులో దొంగతనం ఉంటుందేమోనని ఆమె వెతికింది. లేదు. “లేవంటారేంటండీ? ఉన్నాయి కదా. నాకు బాగా గుర్తు. మీరు గుమ్మం దగ్గరుండేవారు, మీకు తెలిసుండదు పిన్నీ,” అన్నాడు, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు.

అబద్ధం చెప్పినవాడైతే ఎప్పటికైనా ఒప్పుకుంటాడు. వీడు చెప్పి చెప్పి దాన్నే నమ్మేశాడు. ఇక ఎవరిని అడగాలి?

ఎవరో ఆడమన్నారు. వంశీ చొక్కా చేతులు మడిచి బిళ్ల వేశాడు. ఆమె మిషను పక్కన నిలబడింది. చుట్టూ ఫోన్లు లేచాయి. మొదటి విమానం వెంటనే కూలింది. చేతులు మరిచిపోయాయని నవ్వాడు. రెండోది కొంచెం దూరం వెళ్ళి పేలింది. తెర కింద ఒక్క విమానం మిగిలింది.

“మూడో లైఫు పక్కోళ్ళది కదా,” అంది వీరరాఘవమ్మ.

“ఆఁ?”

“మూడోది పక్కన నిలబడ్డవాళ్ళది వంశీ. పుల్ల వదులు.”

“ఒక్క నిమిషం ఉండండి పిన్నీ, వీడియో తీస్తున్నారు,” అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండా. చెయ్యి పుల్ల మీదే ఉంది.

ఆమె మిషను వెనక్కి చెయ్యి పోనిచ్చింది. వెంకట్రాజు రోజూ పీకినట్టే పీకింది. కూత సగంలో తెగిపోయింది. తెర మధ్యలో ఒక తెల్లచుక్క కాసేపు నిలిచి ఆరిపోయింది.

“అరెరె, కరెంటు పోయింది!” అన్నారెవరో, నెత్తిన దీపాలన్నీ వెలుగుతుంటే. వీరరాఘవమ్మ ఫ్యూజును కొంగున ముడేసుకుని, శాలువాను మడిచి మాస్టారి ఒళ్ళో పెట్టింది. “ఇది మీదేనండీ, పట్టించింది మీరే కదా,” అని మెట్లు దిగింది.

*

ఫ్యూజు కోసం వస్తాడని ఎదురుచూసింది. వస్తే ఏమనాలో మాటలు కూర్చుకుంది. ముందు మీ నాన్నగారి ఇంటికెళ్ళి చెప్పిరా, అప్పుడిస్తానంటుంది. హైవే మీద తెల్లకారు ఏది నెమ్మదించినా లేచి చీర సర్దుకునేది. ఏదీ ఆగలేదు. ఆగినవాళ్ళు సోడా అడిగారు.

ఆ ఆదివారం అఖిల ఫోను తెచ్చి తల్లి ముందు పెట్టింది. “చూడమ్మా.”

అదే మిషను. ఆరిపోయిన తెర మీద విమానాల బొమ్మ కాగితం ఒకటి అతికించారు. నెత్తిన రేకు బిళ్లలు వరసగా పేర్చి, కదలకుండా జిగురుతో అంటించారు. మీద ఎర్ర లైట్లతో, “మా చిన్ననాటి జూదం అడ్డా”. ఒక్కో కుటుంబం వచ్చి మిషను ముందు నిలబడుతోంది. పుల్ల పట్టుకుని, నోరు తెరిచి, గెలిచినట్టు మొహం పెడుతున్నారు. ఫొటో అవగానే పుల్ల వదిలేసి పక్క టెలిఫోను డబ్బా దగ్గరకు వెళ్తున్నారు. అది ఎందుకు నడవడం లేదని ఒక్కరూ అడగలేదు.

నడవకపోయినా పర్లేదని వాడు మొదటి రోజే చెప్పాడు. తానే వినిపించుకోలేదు.

“వెళ్ళి తెచ్చేసుకుందామా అమ్మా? మనది కదా.”

“తెచ్చి?” అంది వీరరాఘవమ్మ. కొంగు ముడి విప్పి, ఫ్యూజును నిమ్మకాయల డబ్బాలో పడేసింది. “మేత పోసుకోడానికి మనకి చెరువు కూడా లేదుగా.”

బయట హారను మోగింది. ఎవరో చల్లటి సోడాలడుగుతున్నారు. ఆమె లేచింది.