బానెట్ మీద రెండక్షరాలు

గురువారం పొద్దున్నే కారు కడుగుదామని కవరు లాగిన ప్రెసిడెంటుగారికి గుండె గుభేలుమంది. నీలం బానెట్ మీద, ఈ చివర నుంచి ఆ చివరకి, గుండ్రటి చేతిరాతతో ఎవరో "దొంగ" అని చెక్కిపెట్టారు. హడావిడిగా గీసి పారిపోయిన గీతలు కావవి. లోపలి రేకు కనబడేదాకా తీరిగ్గా, మళ్ళీ మళ్ళీ దిద్దిన అక్షరాలు.

ఈయన దేశానికి ప్రెసిడెంటేమీ కాదు. ఇరవై నాలుగు ఫ్లాట్ల భవనానికి సంఘం అధ్యక్షుడు. అయితేనేం, ఆ హోదాని ఆయన మోసే తీరు చూస్తే దేశాలేలేవాళ్ళు కూడా పక్కకి తప్పుకోవాల్సిందే. ఆదివారం మళ్ళీ ఎన్నిక. మూడోసారి, అదీ ఏకగ్రీవంగా గెలవాలని ఆయన కోరిక. మూడుసార్లు గెలిచినవారి ఫొటో మెట్ల పక్క గోడకి తగిలించాలని నియమం ఉంది. ఆ నియమం పెట్టిందీ ఆయనే.

"ఎంత అన్యాయం!" అని ఆయనకి ఒళ్ళు మండిపోయింది. నిజం చెప్పుకోవాలంటే అన్యాయమేమీ లేదు. నాలుగు నెలలుగా భవనంలో నీళ్ళకి కటకట. కుళాయిలు పొద్దున గంట, సాయంత్రం గంట మాత్రమే వదులుతారనీ, కార్లు ఎవరూ కడగరాదనీ, పొడిగుడ్డతో తుడుచుకోవాలనీ నోటీసు అంటించింది ప్రెసిడెంటే. ఆ వారంలోనే సంపులోంచి సన్నటి పైపొకటి లాగించి, తన పార్కింగ్ వెనక గోడలో గుట్టుగా కుళాయి పెట్టించుకున్నదీ ప్రెసిడెంటే. ఆదివారాలు తప్ప గేటు దాటని కారుకి రోజూ ఎవరూ లేవకముందే తలారా స్నానం.

తమాషా ఏమిటంటే, ఆ పైపుని సొంతింటికి మాత్రం లాగలేదు. ఇంట్లో ధార చప్పుడు వినబడితే పక్కవాళ్ళకి అనుమానం రాదూ? పైగా నాయకుడన్నవాడు త్యాగం చెయ్యాలి. అంచేత ఆ త్యాగమేదో భార్య చేసేది. కూరలు కడిగిన నీళ్ళతో గిన్నెలు, గిన్నెలు తొలిచిన నీళ్ళతో గచ్చు. "మా ఇంట్లోనూ ఇంతేనమ్మా, ఆయన నిప్పులాంటి మనిషి" అని ఇరుగుపొరుగుతో గర్వంగా చెప్పుకునేది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ప్రెసిడెంటు పొంగిపోయేవాడు. లోకం ఏమనుకున్నా సరే, ఆవిడ కళ్ళలో మాత్రం చులకన కాకూడదు. ఆయన భయమంతా అదే.

మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళచ్చు. కానీ భవనంలోని బళ్ళన్నీ బాగుచేసేది సందు చివరి మెకానిక్కే, అతని నోట్లో నువ్వుగింజ నానదు. పోలీసులకి చెబుదామంటే "ఏం రాశారు?" అంటారు, తర్వాత "ఎందుకు రాశారు?" అంటారు. ఆ రెండో ప్రశ్న ఆయనకి బొత్తిగా నచ్చలేదు. దాంతో ఆఫీసుకి సెలవు పెట్టేసి, ఫోన్లో నాలుగు వీడియోలు చూసి, సొంతంగానే బాగుచేస్తానని నడుం బిగించాడు.

"కారు మీద ఎవరో వెధవలు గీశారు" అన్నాడు భార్యతో.

"ఏమని?"

"ఏమనీ లేదు. పిచ్చిగీతలు."

"అయ్యో పాపం" అని ఆవిడ మళ్ళీ కూరలు తరుక్కుంటూ కూర్చుంది.

శుక్రవారం గరుకు కాగితం పట్టుకుని పొడిగానే రుద్దాడు. చుట్టుపక్కల మెరుపంతా పోయింది, అక్షరాలు మాత్రం చెక్కు చెదరలేదు. సరేనని గీతల్లో లప్పం కూరాడు. ఆరేదాకా ఆగి, నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే ఏముంది! నీలం బానెట్ మీద తెల్లటి లప్పంతో "దొంగ" ధగధగలాడిపోతోంది. నిన్న దగ్గరికొస్తేనే కనబడేది, ఇవాళ నాలుగో అంతస్తు నుంచి కళ్ళజోడు లేకుండా చదవచ్చు. గబగబా కవరు కప్పేశాడు.

వీడియో మళ్ళీ పెట్టి చూశాడు. అసలు సంగతి ఆ మహానుభావుడు చివర్లో చెప్పాడు. లప్పాన్ని పొడిగా రుద్దకూడదట, ఎడతెగకుండా నీళ్ళు పారిస్తూ రుద్దాలట. నీళ్ళు! భార్య పట్టి పెట్టుకున్న బకెట్టు అడగడానికి ఆయనకి మొహం చెల్లలేదు. శనివారం మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ చూసుకుని, గోడలో కుళాయి తిప్పి, పైపు బానెట్ మీద వదిలి రుద్దడం మొదలెట్టాడు.

నాలుగు నెలలుగా మధ్యాహ్నప్పూట ధార చప్పుడు ఎరగని భవనమాయె. పది నిమిషాల్లో బాల్కనీల నిండా తలకాయలు.

ముందుగా మూడో అంతస్తు హెడ్మాస్టరుగారు దిగివచ్చారు. రిటైరయ్యారు గానీ చూపులో బెత్తం ఇంకా ఉంది. బానెట్ చదివారు. కుళాయి వంక చూశారు. పరువు నడివీధిన పడిందిరా భగవంతుడా అనుకున్నాడు ప్రెసిడెంటు.

"బాబూ" అన్నారు హెడ్మాస్టరుగారు గొంతు బాగా తగ్గించి, "ఈ పైపు మా వంటింటి దాకా వస్తుందంటావా?"

ప్రెసిడెంటు గబగబా తలూపాడు.

"మూడో కంటికి తెలియకూడదు సుమా" అని, గరుకు కాగితం అందుకుని నాలుగు రుద్దులు రుద్ది మరీ వెళ్ళారాయన.

తర్వాత పళ్ళ డాక్టరమ్మ. "గుండ్రంగా కాదు అన్నయ్యగారూ, ఒకే వైపుకి రుద్దాలి" అని చేసి చూపించింది. పోతూ పోతూ "మాకూ చిన్న లైను... మీరు కాదనరు, నాకు తెలుసు" అంది. ఆ వెనకే లాయరుగారు వచ్చారు. "చట్టప్రకారం ఇది నేరమండీ" అని హడలగొట్టి, ప్రెసిడెంటుకి చెమటలు పట్టాక, "మా బాత్రూం కిటికీ ఇటువైపే ఉంది" అన్నారు. సాయంత్రానికి ఇలా తొమ్మిదిమంది, ఒకరి సంగతి ఒకరికి తెలియదనుకుంటూ వచ్చి, తలో చెయ్యీ వేసి వెళ్ళారు. మాట పూర్తిగా అరిగిపోయింది. పైన కొట్టిన రంగు ఒక చాయ తేలిపోయి బానెట్ మీద అతుకులా కనబడుతోంది గానీ, ఎవరన్నా అడిగితే డిజైను అనచ్చు.

ఆదివారం అదే పార్కింగ్‌లో కుర్చీలు వేసి సమావేశం పెట్టారు. "ఇంతటి నిజాయితీపరుడు మనకి మళ్ళీ దొరకడు" అన్నారు లాయరుగారు. ఒప్పుకున్నవాళ్ళని చేతులెత్తమన్నారు. ప్రెసిడెంటు కళ్ళు చిట్లించి ఒక్కొక్క వరసా వెతికాడు. ఎత్తని చెయ్యి ఏదో, రాసిన చెయ్యి అదే! అందరూ ఎత్తారు. ముందు వరసలో ఆయన భార్య మాత్రం రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫ్లాటు ఆవిడ పేరు మీదే ఉంది, ఓటూ ఆవిడదే. కానీ లెక్కపెట్టే ఓపిక ఎవరికుంది? "ఏకగ్రీవం!" అని హెడ్మాస్టరుగారు చప్పట్లు కొట్టించేశారు.

మెళ్ళో దండతో ఇంట్లోకొచ్చి ప్రెసిడెంటు నవ్వుతూ అడిగాడు. "ఊరంతా ఎత్తారు, నువ్వెత్తలేదేమే? నిద్రపోయావా?"

ఆవిడ బకెట్టు మీద మూత సర్దింది. "బుధవారం మధ్యాహ్నం మీ కారు కవరు దులుపుదామని కిందకి వెళ్ళాను. గోడలోంచి చుక్కలు చుక్కలుగా నీళ్ళు పోతుంటే అయ్యో అనుకుని, కట్టేద్దామని చెయ్యి పెట్టాను."

ఆయన మొహాన నవ్వు పోయింది. దండ తీయబోయి ఆగిపోయాడు. "అంటే... నువ్వా?"

"నాలుగు నెలలు బకెట్లు మోసిన చెయ్యి ఇది. మీ కారు మీద ఆ మాట రాసిందీ ఇదే" అంది ఆవిడ. "ఇవాళ మీకోసం ఎత్తమంటే ఎలా లేస్తుందండీ?"