పసుపు పెట్టిన కొన

వడ్రంగి ఉదయకుమార్ వచ్చేసరికి దూలం పైకెక్కి కూర్చుంది.

బోల్టులు చాలక కోసపాళయం దాకా పోయి వచ్చాడు, అంతే. ఈలోపే కొంప మునిగింది. కురుచికుప్పంలో, సముద్రానికి దారితీసే సందులో రంగమ్మాళ్ టిఫిన్ అంగడి. దాని ముందు పెంకుల పంచ వేస్తున్నారు. వరసగా మూడు కొయ్య స్తంభాలు. వాటి తలల్లో తొలిచిన గాళ్లలో, మూడు పలకలు కలిపి బిగించిన పొడుగాటి దూలం.

"నల్లనేరం, ఆ మంచి గడియ దాటిపోతా ఉంటే నీకోసం కాసుకోమంటావా?" అంది రంగమ్మాళ్. "నేనే పసుపు పెట్టి ఎక్కించేస్తిని."

తోటి పనివాడు చెంగల్రాయన్ నిచ్చెనెక్కి వాసాలు పరుస్తున్నాడు. పెంకుల బండి సందు మొగలో హారన్ కొడుతోంది.

దూలం గాడిలో చక్కగానే కూర్చుంది. అయినా ఉదయకుమార్‌కి కాలు నిలవలేదు. ఆ చివరికి నడిచాడు, ఈ చివరికి నడిచాడు. తలెత్తి చూశాడు. దూలానికి పూసిన నల్లనూనె కింద వెంట్రుకంత గీత కనబడింది.

అది పలకల అతుకు!

జనం వచ్చిపోవడానికి తూర్పున వెడల్పు కావాలని నడిమి స్తంభాన్ని పడమటికి జరిపి పాతారు. మూడు పలకల్లో రెండింటికి ఒకేచోట అతుకుంది. అది సరిగ్గా ఆ స్తంభం నెత్తిన పడాలి. కొనలు తారుమారై ఇప్పుడు గాల్లో వేలాడుతోంది, రేపు బెంచీలు వేసే చోటికి నేరుగా పైన.

"పసుపు యా కొనకు పెట్టినావు పెద్దమ్మా?"

"చేతికందిన కొనకు. పసుపు కొన తూర్పుకే గదా ఉండాల? అట్లే తిప్పించినా."

ఉదయకుమార్ నాలుక కరుచుకున్నాడు. పసుపు ఎప్పుడూ తనే పెడతాడు. అదే గుర్తనుకుని దూలం మీద ఇంకో గుర్తు గీయలేదు. గాళ్లన్నీ ఒకే కొలత కాబట్టి ఎటు తిప్పినా కూర్చుంటుంది. అదే మోసం!

"వాసాలు దించన్నా! దూలం తిప్పాల!"

"నీకేమన్నా పైత్యమా తంబీ? ఏనుగెక్కినా కదలదు ఇది" అన్నాడు చెంగల్రాయన్.

"అయితే పెంకులన్నీ పేర్చినాక నువ్వే దీని కింద పండుకో."

చెంగల్రాయన్ చేతిలో వాసం ఆగిపోయింది.

రంగమ్మాళ్ మాత్రం అడ్డంగా నిలబడింది. "పసుపు కొనను పడమటికి తిప్పుతావా? అంగడి మూసుకోమంటావా ఏంది?"

వాదించే వ్యవధి లేదు. పెంకుల వాళ్లు బండి వెనక తలుపు తీసేశారు. ఉదయకుమార్ పసుపు గిన్నె లాక్కుని, నిచ్చెనెక్కి, రెండో కొనకూ దట్టంగా పూశాడు. మధ్యలో కుంకుమ బొట్టు పెట్టాడు.

"చూడు పెద్దమ్మా, రెండు కొనలకూ ఉంది. యాపక్క తిప్పినా తూర్పున పసుపే!"

రంగమ్మాళ్ అటు చూసింది, ఇటు చూసింది. "పోకిరి నాయాలా" అని పక్కకు తప్పుకుంది.

వాసాలు దించి, పెంకుల వాళ్లతో కలిసి ఆరుగురు పట్టి దూలం ఎత్తారు. దింపుతుంటే అతుకు దగ్గర టక్కుమంది. ఉదయకుమార్ గీత మీద గోరు పెట్టాడు. నాలుగు వాసాల బరువుకే జిగురు విచ్చింది. గోరు లోపలికి పోయింది.

చెంగల్రాయన్ అది చూశాడు. తిప్పిన దూలం కింద భుజం పెట్టాడు.

ఈసారి అతుకు నడిమి స్తంభం నెత్తిన పడింది. ఉదయకుమార్ తెచ్చిన బోల్టులు బిగించి, తూర్పు కొన మీద ఉలితో లోతుగా గాటు పెట్టాడు. పెంకులు ఎక్కసాగాయి.

"ఇడ్లీ చల్లారిపోతా ఉంది, తిను నాయనా" అంది రంగమ్మాళ్.

అతను పళ్లెం చేతపట్టి, వెడల్పు దారికి నడుమన, దూలం కింద నిలబడ్డాడు. చివరి పెంకు పైన కూర్చునేదాకా ముద్ద ముట్టలేదు.