ఒకటే తాళం

అంతోనమ్మ ఇంట్లో ఉన్నది ఒకటే తాళం. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి తాళం. పాపం, అది రెండు కొలువులు చేసేది. ఆమె ఇంట్లో ఉన్న రోజు మొగుడు జకర్యా వెంట పత్తి మిల్లుకు పోయేది. ఆమె ఊరికి పోతే తలుపుకు వేలాడేది.

జకర్యా తల్లాడ దగ్గర జిన్నింగు మిల్లులో ఫిట్టరు. రోలరులో పత్తి ఇరుక్కుంటే మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాకే మిషనులో చెయ్యి పెట్టేవాడు. మిల్లువాళ్లకు అంత మోటారు బిగించడం చేతనైంది గానీ ఇంత తాళం పెట్టడం చేతకాలేదు. ఇంకోటి కొనాలని మొగుడూ పెళ్లాం రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నారు. అనుకోవడానికేం, నోరు అరుగుతుందా!

రెండువేల అయిదు డిసెంబరులో, భద్రాచలం అవతలి అడవి పల్లెలో అక్కకు జ్వరమని అంతోనమ్మకు కబురొచ్చింది. పొద్దున్నే బస్సుకు బయల్దేరుతూ తాళం చేతిలోకి తీసుకుంది.

"ఇయ్యాల మిషను ఇప్పేదున్నది. తాళం నాకియ్యే," అన్నాడు జకర్యా.

"మరి ఇంటికి?"

"మనింట్ల ఎత్తుకపోయేదేముందే?"

"గిన్నెలు పోతే నువ్వు తెస్తవా?" అని కసిరి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. అతను నవ్వుకుంటూ సైకిలెక్కాడు.

ఆ రోజు స్విచ్చుకు తాళం బదులు తన ఎర్ర రుమాలు కట్టాడు. మధ్యాహ్నం డ్యూటీ మారింది. అప్పుడే డ్యూటీ ఎక్కిన ఆపరేటరు జయరాజ్, ఎవరో మరిచిపోయారనుకుని రుమాలు విప్పి స్విచ్ వేశాడు. రోలరు జకర్యా చేతిని పట్టి లోపలికి లాగేసింది. ఖమ్మం దవాఖానా చేరేలోపే ప్రాణం పోయింది.

సమాధి చేసిన నాలుగో రోజు జయరాజ్ వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"రుమాలే గదా అనుకున్న అక్కా," అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

తిట్టు అంతోనమ్మ నోటిదాకా వచ్చింది. కానీ స్విచ్చుకు తాళం ఎందుకు లేదో ఆమెకు తెలుసు. అరలో గిన్నెలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు.

"ఆ మిషను ఇప్పుడెవరు చూస్తున్నరు?"

"నన్నే చూడమన్నరు."

"తాళమిచ్చిన్రా?"

జయరాజ్ తల అడ్డంగా ఊపాడు. ఆమె కొంగు ముడి విప్పి, గొళ్లానికి వేలాడుతున్న తాళం తీసి, రెండూ అతని చేతిలో పెట్టింది.

"మరి ఇంటికక్కా?"

"తీస్కపో తమ్మీ. ఇగ మా ఇంట్ల ఎత్తుకపోయేదేముంది?"