నత్తదండులో అల్లుడు

జూన్ పదకొండు. ఆ సాయంత్రం మేం పాలల్లో నానబెట్టిన బ్రెడ్డు, ఉడకబెట్టిన గుడ్లు తిన్నాం. తిన్నాం అనకూడదేమో, తిన్నది నేనే. అత్తయ్య చెంచా నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయింది.

"ఎవరిది ఆ గొంతు?" అంది.

టీవీలో నత్తమ్మ మాట్లాడుతోంది. అదొక కార్టూన్. నత్తమ్మ ఉత్తరాలు పంచే నత్త. ఎప్పుడూ ఆలస్యంగా వస్తుంది, గుమ్మం ఎక్కకముందే క్షమించమంటుంది. ఏళ్ళ తరబడి దానికి గొంతు ఇచ్చింది నా భార్య. ఆయాసం ముదిరి ఆమె పోయి ఏడాది దాటినా చానెల్‌లో పాత భాగాలే తిప్పి తిప్పి వేసేవారు. అత్తయ్యకు చూపు దాదాపు పోయింది, బొమ్మతో పని లేదు. కూతురి గొంతు వింటూ రాత్రి భోజనం కానిచ్చేది. నేను వంటింట్లో గిన్నెలు కడుగుతూ, చప్పుడు కాకుండా కుళాయి సన్నగా తిప్పుకుని వినేవాణ్ణి. ఆ కాసేపు ఇల్లు ఇల్లులా ఉండేది.

ఆ రోజు గొంతు మారింది. కొత్తగా చేసినమ్మాయిని తప్పు పట్టడానికి లేదు, బాగానే చేసింది. అత్తయ్య మాత్రం చెంచా గిన్నెలో పెట్టేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

మర్నాడు చానెల్‌కు ఫోన్ చేశాను. "బొమ్మలకు మెరుగులు దిద్దాం సార్. పనిలో పనిగా గొంతులు కూడా మార్చాం. పాతవి ఎవరు దాస్తారు?" అన్నాడతను, మర్యాదగానే. డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజనీరు మా ఆవిడకు తమ్ముడి లాంటివాడు. "అక్క గొంతు ఒక్క ముక్క నా దగ్గర ఉన్నా తెచ్చి మీ చేతుల్లో పెట్టనా బావా?" అని అతనే ఏడ్చాడు. ఇంట్లోనా, ఏమీ లేదు. రికార్డు చెయ్యడానికి ఫోన్ ఎత్తితే చాలు, "రోజంతా మైకు ముందు వాగి వచ్చాను, ఇంట్లో కూడానా? అవతల పెట్టు" అనేది.

అత్తయ్య తిండి తగ్గిపోయింది. రాత్రి ముద్ద పోయింది, తర్వాత పగటిది కూడా సగమైంది.

"నేనేం పంతం పట్టలేదు నాయనా," అంది నా చెయ్యి తడుముకుని. "నోట్లో తిరుగుతుందే గాని దిగదు. నువ్వు బెంగ పెట్టుకోకు."

డాక్టరు రక్తం చూశాడు, బరువు చూశాడు. ఇంత పెద్దావిడ ఇలా ఇంకొన్నాళ్ళు ఉంటే నిలబడటం కష్టమన్నాడు. ఆవిడ మణికట్టు పట్టుకుని రిక్షా దించుతుంటే ఎముక ఒక్కటే చేతికి తగిలింది. ఆవిడా పోతే ఆ ఇంట్లో నా భార్యను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఉండరు.

నేను నీళ్ళ సరఫరా వాళ్ళ ల్యాబులో పనిచేస్తాను. పక్క బల్ల దగ్గరి అమ్మాయి నా మొహం చూసి విషయం లాగింది. "కార్టూన్లకు పిచ్చివాళ్ళు ఉంటారు సార్. పారేసిన ప్రతి ముక్కా వాళ్ళ దగ్గర దొరుకుతుంది," అని ఫోన్‌లో 'నత్తదండు' అనే గుంపు వెతికి పెట్టింది.

పేరు అడిగారు. ఏ హోదాలో వెళ్తున్నానో ఆలోచించి 'అల్లుడు' అని కొట్టాను. లోపలికి రావాలంటే ఒక ప్రశ్న: నత్తమ్మ సంచీ ఏ భుజాన ఉంటుంది? ఎడమ, అన్నాను.

"నత్తకు భుజమెక్కడిది బాబాయ్! వెళ్ళి సరిగ్గా చూసి రండి."

చూశాను. రోజూ, గొంతు వినపడకుండా నొక్కేసి మరీ చూశాను. ప్రాణం మీదికొచ్చిన పనని మొదలుపెట్టి, అందులో పడిపోయాను. వాన పడితే అందరూ పరుగెత్తుతారు, నత్తమ్మ ఒక్కతే ఆగి ఉత్తరాలను తన గుల్లలో దాచి, తను తడుస్తుంది. అంత బాగా గీసిన మనిషెవరో నాకు తెలీదు గాని, దణ్ణం పెట్టాలనిపించింది. రెండోసారి అడిగినప్పుడు సంచీ గుల్లకు వేలాడుతుందని రాశాను, రానిచ్చారు.

"అల్లుడుగారొచ్చారు, కుర్చీ వెయ్యండ్రా!" అని రాశాడు 'పెద్దగుల్ల'. గుంపుకు పెద్ద అతనే. 'జిగురు' అనే ఆయన కాలవ లాకుల దగ్గర కాపలా కాస్తాడు, 'తడిగోడ' అనే ఆవిడ కుట్టుపని చేస్తుంది. కార్టూన్‌లోని కప్పకు నత్తమ్మ మీద మనసుందా లేదా అని వాళ్ళు కొట్టుకుంటుంటే నేనూ దూరి, లేదని ఇంత పొడుగు రాశాను. "అల్లుడికి ప్రేమ విషయాలు ఏం తెలుసు, అత్తారింట్లో కూర్చుని తినడం తప్ప!" అంది తడిగోడ. నవ్వాను. పక్క గదిలో అత్తయ్య ముట్టని గిన్నె గుర్తొచ్చి ఫోన్ బోర్లించాను.

పాత గొంతు ఉన్న భాగాలు కావాలని అడిగాను. "అదేం భాగ్యం!" అన్నాడు పెద్దగుల్ల. టీవీలోంచి ఎవరెవరో పట్టిన రికార్డులు పోగేసి, చప్పుళ్ళన్నీ తుడిచేసి, అద్దంలా చేసి పెట్టాడట. రాత్రిళ్ళు నిద్ర మానుకుని చేసిన పని. అడగ్గానే పంపాడు.

ఆ సాయంత్రం అత్తయ్యను కూర్చోబెట్టి మొదటిది పెట్టాను. ఆమె గొంతు. మచ్చలేని గొంతు. గోడకు ఆనుకున్నాను.

అత్తయ్య ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నది. "గొంతు దానిదే," అంది. "మనిషి లేదు."

"అదేంటత్తయ్యా?"

"ఊపిరి తీసుకోవట్లేదు నాయనా. చచ్చినదాని గొంతు వినిపిస్తున్నావా నాకు?" అని గిన్నె పక్కకు తోసి లేచిపోయింది.

మళ్ళీ విన్నాను. నిజమే. మాటకు ముందు గాలి పీల్చడం, వాక్యం చివర అలుపు, ఏమీ లేవు. ఎంతో ప్రేమగా, ఒక్కొక్కటే ఏరి తుడిచేశాడు.

పెద్దగుల్లకు రాశాను: మా ల్యాబులో శుద్ధి చేసిన నీళ్ళ పక్కన శుద్ధి చెయ్యని సీసా ఒకటి ఎప్పుడూ ఉంచుతాం, మీ దగ్గర అలాంటిది ఉందా అని. లేదన్నాడు. పని అయ్యాక మురికివన్నీ చెరిపేశాడట. "అంతకంటే బాగా ఎవరూ చెయ్యలేరు అల్లుడూ, ఇంకేం కావాలి?"

ఇక దాచలేదు. నత్తమ్మ నా భార్య అని, వాళ్ళమ్మ తిండి మానేసిందని, ఊపిరి కావాలని రాశాను. కాసేపటికి పెద్దగుల్ల రాశాడు: "ఊపిరి చప్పుడు మురికనుకున్నానండీ. నా చేతులు విరిగిపోను." అప్పటిదాకా నన్ను 'అల్లుడూ' అంటూ ఏడిపించినవాడు అండీ అన్నాడు.

వాళ్ళు వెతికారు. అటకలు ఎక్కారు, పాడైన ఫోన్లు తెరిపించారు, బంధువులను విసిగించారు. ఒక్కొక్కరే లేదని రాస్తుంటే, ఇటు అత్తయ్య మంచం దిగడం మానేసింది. చెంచాతో నీళ్ళు పోస్తే సగం గడ్డం మీదికి కారేవి. నేను ల్యాబుకు సెలవు పెట్టి గుమ్మంలో కూర్చున్నాను, ఫోన్ ఒక చేతిలో, చెంచా ఒక చేతిలో.

చివరికి తడిగోడ పంపింది. కూతురు పసిదిగా ఉన్నప్పుడు తన ఫోన్‌లో పట్టిందట. కుట్టుమిషను రొద, పిల్ల ఏడుపు, ఎవరో కుర్చీ లాగిన చప్పుడు. ఒక భాగంలో చిన్న ముక్క, అంతే. "ఇంత చెత్తగా ఉంది, ఏమీ అనుకోకండి అన్నయ్యా" అని రాసింది.

అత్తయ్య తల కింద దిండు ఎత్తుగా పెట్టి వినిపించాను. ఆ రొదలోంచి, తలుపు దగ్గర ఆగి అలుపు తీర్చుకుంటున్న మనిషిలా, ఒక ఊపిరి. తర్వాత: "వచ్చేశానండీ, క్షమించండి, దారిలో వాన..."

అత్తయ్య చెయ్యి నా చొక్కా పట్టుకుంది. పిల్ల ఏడుపు దగ్గర ముక్క తెగిపోయింది.

"మళ్ళీ పెట్టు."

పెట్టాను.

"అప్పటికే ఆయాసం ఉందిరా దానికి," అంది. ఎన్నడూ నన్ను 'రా' అన్న మనిషి కాదు. "విన్నావా, మాట మధ్యలో? ఇంకా ఉందా?"

"ఇంతే అత్తయ్యా. ఇంకెక్కడా లేదు."

ఆవిడ కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడవబోతే తల తిప్పుకుంది. మళ్ళీ పెట్టమంటుందని ఫోన్ దగ్గరగా పట్టుకున్నాను. అనలేదు. నోరు కొంచెం తెరిచింది. గంజి చెంచా పెట్టాను. దిగింది. ఇంకొకటి పెట్టాను, అదీ దిగింది. మూడోది బయటికొచ్చేసింది. ఇంక బలవంతం చెయ్యలేదు.

"నువ్వు తిన్నావా?" అంది.

"తింటాను."

"వెళ్ళి తిను. నేను కాసేపు దాంతో ఉంటాను."

ఫోన్ ఆవిడ దిండు పక్కన పెట్టి, ఏ మీట నొక్కాలో వేలు పట్టుకుని చూపించాను. దుప్పటి పాదాల మీదికి లాగి, బయటికొచ్చి, మెల్లగా తలుపు దగ్గరికి వేశాను.